దివాలా తీసిన విమాన కంపెనీని పోటీ కంపెనీ ఎందుకు కొనాలనుకుంది? డెల్టా, యూఎస్ ఎయిర్‌వేస్ వ్యవహారం

లంక_గుమాస్తా (పి.గన్నవరం) | శనివారం, ఉదయం 7:12

అందరికీ నమస్కారం. నేను రైసు మిల్లులో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి. విమానాల లెక్కలు తెలియవు. మా మేనల్లుడు రాజమహేంద్రవరంలో ఎంబీఏ చదువుతున్నాడు. వాడికి తరగతిలో ఒక పాత వ్యవహారం అప్పగించారట. 2006లో అమెరికాలో యూఎస్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ, అప్పటికే దివాలా కోర్టులో ఉన్న డెల్టా ఎయిర్ లైన్స్‌ను, దాని యాజమాన్యం వద్దు మొర్రో అంటున్నా కొనబోయింది. దీన్ని బలవంతపు టేకోవర్ అంటారట. "మామయ్యా, మీ మిల్లుల్లో కూడా ఇలా జరిగేదా?" అని అడిగాడు.

నాకు రెండు సందేహాలు. మన వైపు ఒకడు ఐపీ పెట్టాడంటే పరువు, పొలం, ఊరు అన్నీ వదులుకున్నట్టే. అటువంటివాణ్ణి కొనడానికి ఎవరైనా 800 కోట్ల డాలర్లు పట్టుకుని వస్తారా? రెండోది, దివాలా తీసినవాడికి "నేను అమ్మను" అనే నోరు ఎక్కడిది?

కాలువగట్టు (తణుకు) | శనివారం, ఉదయం 8:40

గుమాస్తా గారూ, రెండో ముడి ముందు విప్పుతాను.

మనం ఐపీ అనేదానికి అమెరికా చట్టంలో దగ్గరగా ఉండేది చాప్టర్ 7. దుకాణం మూసి, ఉన్నది అమ్మి, అప్పులవాళ్ళకు పంచడం. డెల్టా వెళ్ళింది చాప్టర్ 11 కింద, 2005 సెప్టెంబరు 14న. (అదే రోజు నార్త్‌వెస్ట్ అనే మరో పెద్ద కంపెనీ కూడా వెళ్ళింది. అమెరికా ఆకాశంలో అవి అంత గడ్డురోజులు.) ఈ దారిలో కంపెనీ మూతపడదు. విమానాలు ఎగురుతుంటాయి, టికెట్లు అమ్ముతుంటారు, కుర్చీలో పాత యాజమాన్యమే కూర్చుంటుంది. పాత అప్పుల వసూలును మాత్రం కోర్టు ఆపుతుంది. ఆ ఊపిరి సమయంలో కంపెనీ ఖర్చులు తగ్గించుకుని, ఏ అప్పు ఎంత మేరకు ఎలా తీరుస్తానో ఒక ప్రణాళిక రాసి కోర్టుకు ఇవ్వాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ కంపెనీ ఎవరిది? కాగితం మీద వాటాదారులది. కానీ ఆస్తిని మించిన అప్పు ఉన్నప్పుడు వాటా చిత్తుకాగితం. డెల్టా పాత షేర్లు చివరికి రద్దయ్యాయి, ఆ వాటాదారులకు పైసా రాలేదు. బయటపడ్డ కంపెనీ కొత్త షేర్లు తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్ళకు వెళ్తాయి. అంటే ఆ రోజుకు అప్పులవాళ్ళే కాబోయే యజమానులు.

యూఎస్ ఎయిర్‌వేస్ అధిపతి డగ్ పార్కర్ 2006 నవంబరు 15న చేసిన ప్రకటన పైకి డెల్టా అధిపతి జెరాల్డ్ గ్రిన్‌స్టీన్‌ను పలకరించినట్టే ఉంటుంది గానీ, చెప్పింది మాత్రం అప్పులవాళ్ళకే. 400 కోట్ల డాలర్ల నగదు, దానికి తోడు 7.85 కోట్ల యూఎస్ ఎయిర్‌వేస్ షేర్లు. కలిపితే దాదాపు 800 కోట్లు. గ్రిన్‌స్టీన్ వద్దన్నారు. డిసెంబరు 19న డెల్టా తన సొంత ప్రణాళికను కోర్టులో పెట్టి, "మేము ఒంటరిగా బయటపడితే మా విలువ 940 నుంచి 1,200 కోట్లు" అన్నది. 2007 జనవరి 10న పార్కర్ బేరం పెంచారు: 500 కోట్ల నగదు, 8.95 కోట్ల షేర్లు, మొత్తం 1,020 కోట్ల వరకు. ఫిబ్రవరి 1 లోపల కదలిక లేకపోతే వెళ్ళిపోతానన్నారు. జనవరి 31న అప్పులవాళ్ళ కమిటీ కాదన్నది, ఆయన వెనక్కి తీసుకున్నారు.

ఇక మీరన్న నోరు. ప్రణాళికను కోర్టు ముందు పెట్టే హక్కు మొదట కొంతకాలం దివాలా తీసిన కంపెనీకి మాత్రమే ఉంటుంది. డెల్టాకు ఆ గడువు 2007 ఫిబ్రవరి 15 దాకా ఉంది. అందాకా బయటివాడు ఎంత డబ్బు చూపినా తన కాగితం కోర్టు బల్ల మీద పెట్టలేడు. "అమ్మను" అనే నోరు ఆ గడువు ఇచ్చింది.

పూతరేకు (ఆత్రేయపురం) | శనివారం, ఉదయం 9:05

శీర్షికలో డెల్టా అని చూసి మన డెల్టాను ఎవరో బేరం పెట్టారనుకుని పరిగెత్తుకొచ్చాను. ధవళేశ్వరం గేట్లు కూడా కలిపేనా అని అడుగుదామనుకున్నాను.

మధురపూడి_కిటికీ (కోరుకొండ) | శనివారం, ఉదయం 9:31

పూతరేకు గారూ, మీ పొరపాటులో సగం నిజం ఉంది. ఆ కంపెనీకి ఆ పేరు మిసిసిపీ డెల్టా అనే ప్రాంతాన్ని బట్టే వచ్చింది. మొదట్లో అది ప్రయాణికులను ఎక్కించుకున్న కంపెనీ కూడా కాదు. 1924లో జార్జియా రాష్ట్రంలో పత్తి చేలమీద మందు చల్లే విమానాలతో మొదలైంది. బోల్ వీవిల్ అనే కాయతొలిచే పురుగు అప్పట్లో అక్కడి పత్తిని నాశనం చేస్తుండేది. మరుసటి ఏడాది లూసియానాలోని మన్రోకు మారింది. 1928లో సి.ఇ.వూల్మన్ మరికొందరితో కలిసి ఆ వ్యాపారాన్ని కొని డెల్టా అని పేరు పెట్టారు. 1929 జూన్‌లో ప్రయాణికులు ఎక్కారు.

పూతరేకు | శనివారం, ఉదయం 9:38

అంటే అక్కడ కాటన్‌కు పట్టిన పురుగు వల్ల ఒక డెల్టా పుట్టింది, ఇక్కడ కాటన్ దొర వల్ల ఒక డెల్టా పండింది. మేనల్లుడి చేత తరగతిలో ఈ మాట చెప్పించండి, మార్కులు నా పూచీ.

తక్కెడ (భీమవరం) | శనివారం, ఉదయం 10:20

మొదటి సందేహానికి నేను చెబుతాను. రొయ్యల వ్యాపారం చేసేవాడికి ఇది చప్పున అర్థమవుతుంది. చెరువుగట్టుకు ముగ్గురు కొనుగోలుదారులు వచ్చే రోజు ధర ఒకటి, ఒక్కడే వచ్చే రోజు ధర ఇంకొకటి. పోటీవాడు తగ్గితే ధర మిగిలినవాడి చేతిలో ఉంటుంది.

పార్కర్ కొనాలనుకున్నది విమానాల కోసం మాత్రమే కాదు. రెండు కంపెనీలు కలిస్తే ఏడాదికి 165 కోట్ల డాలర్లు మిగులుతాయని ఆయన లెక్క. అందులో పెద్ద భాగం ఎక్కడినుంచి? కలిసిన కంపెనీ సీట్లలో పది శాతం తగ్గించడం నుంచి. డెల్టాకు అట్లాంటా కేంద్రం, యూఎస్ ఎయిర్‌వేస్‌కు షార్లెట్. రెండూ ఒకే మూలన, పక్కపక్కనే. మన లెక్కలో చెప్పాలంటే ఒకే కాలువమీద రెండు లాకులు. ఒకటి ఉంటే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇంకో కిటుకు ఉంది. అది దివాలాలో ఉండగానే ఎందుకు కొనాలి, బయటికి వచ్చాక కొనవచ్చు కదా? చాప్టర్ 11లో ఉన్నంతకాలం అద్దె విమానాలను, అక్కర్లేని ఒప్పందాలను కోర్టు అనుమతితో వదిలించుకోవచ్చు. బయటికి వచ్చాక ఆ వీలు లేదు, ప్రతి విమానానికీ అద్దె చివరి నెల దాకా కట్టాలి. అందుకే ఆయన తొందర. చెరువు ఎండగట్టినప్పుడే పూడిక తీయాలి, నీళ్ళు పెట్టాక ఎవరు దిగుతారు?

లంక_గుమాస్తా | శనివారం, మధ్యాహ్నం 12:02

తక్కెడ గారి పది శాతం మాట దగ్గర నా చెయ్యి ఆగింది. ఇలాంటి మిల్లు ఒకటి నాకు తెలుసు. తర్వాత చెబుతాను. ముందు వాడికి ఇవన్నీ రాసి పంపుతాను.

రెక్కల_మనిషి (కాకినాడ) | శనివారం, మధ్యాహ్నం 1:15

అందరూ అప్పులవాళ్ళు, సీట్లు అంటున్నారు. ఉద్యోగుల మాట ఎవరూ ఎత్తలేదు. డెల్టా ఉద్యోగులు "మా డెల్టాను మాకే ఉంచండి" అన్న అర్థం వచ్చే నినాదంతో బ్యాడ్జీలు పెట్టుకుని వీధికెక్కారు. సెనేట్ కమిటీ విచారణ దాకా వెళ్ళింది విషయం. అదే కంపెనీ ఉద్యోగులు 1982లో జీతాల్లోంచి చందాలు వేసుకుని కంపెనీకి మొదటి బోయింగ్ 767 కొనిచ్చారు, 3 కోట్ల డాలర్లు. అలాంటి ప్రేమ ఉన్నచోట బయటివాడు డబ్బు సంచితో వచ్చి ఏం చేయగలడు?

నేను మన దేశంలో ఒక విమాన సంస్థలో సామాను విభాగంలో పనిచేశాను. పేరు చెప్పను. అది మూతపడే ముందు నాలుగు నెలలు జీతం లేదు. అయినా ఒక్కరోజు మానలేదు. ఆఖరి విమానం దిగిన రాత్రి బెల్టు ఆపింది నేనే. ఆ రోజు ఎవరైనా పోటీవాడు వచ్చి బలవంతంగా కొని ఉంటే నేను కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేవాణ్ణి.

నరసాపురం_లేసు (నరసాపురం) | శనివారం, మధ్యాహ్నం 2:47

రెక్కల మనిషి గారూ, మీ కష్టం నిజం. అయితే మీ రెండు పేరాలు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయి. మొదటిదాంట్లో బయటివాణ్ణి తరిమారు, రెండోదాంట్లో పిలిచారు.

డెల్టా కథను ప్రేమకథగా చెబితే నాకు నచ్చదు. ఆ బ్యాడ్జీలు పెట్టుకున్నవాళ్ళ జీతాలను కోసింది పార్కర్ కాదు, గ్రిన్‌స్టీన్ యాజమాన్యమే. పైలట్ల పింఛను పథకాన్ని దివాలా కోర్టులో రద్దు చేయించుకున్నది కూడా ఆ యాజమాన్యమే. మరి పైలట్లు పార్కర్‌కు వ్యతిరేకంగా ఎందుకు నిలిచారు? పది శాతం సీట్లు తగ్గితే కాక్‌పిట్‌లో కుర్చీలూ తగ్గుతాయి కనుక. పైగా వాళ్ళు ఉత్తి ఉద్యోగులు కారు. 2006లో జీతాల కోతకు ఒప్పుకున్నందుకు బదులుగా పైలట్ల సంఘానికి దివాలా ఖాతాలో 210 కోట్ల డాలర్ల బాకీ హక్కు రాశారు. అంటే అప్పులవాళ్ళలో వాళ్ళూ పెద్ద ఆసాములే. వీధిలో నినాదం ఇచ్చినవాడికే లోపల బాకీ కాగితం ఉంది. ఆ కాగితం లేని సామాను విభాగం మనిషి ఎంత పెద్ద బ్యాడ్జీ పెట్టుకుంటే మాత్రం ఏమిటి?

ఒక్క విషయం మాత్రం గ్రిన్‌స్టీన్‌కు ఇవ్వాలి. దివాలా నుంచి బయటపడ్డాక అధిపతులు సాధారణంగా తీసుకునే పెద్ద బహుమానాన్ని ఆయన తీసుకోలేదు. ఆ డబ్బును ఉద్యోగుల సహాయానికి, చదువులకు మళ్ళించమన్నారు.

రెక్కల_మనిషి | శనివారం, మధ్యాహ్నం 3:10

అమ్మా, పోట్లాడేవి పేరాలు కావు, నేనే. మీరన్న 210 కోట్ల సంగతి నాకు తెలియదు. మాకు అలాంటి కాగితం ఒక్కటి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఎర్ర_బస్సు (రావులపాలెం) | శనివారం, సాయంత్రం 6:22

ఇంతకీ కాదన్న అప్పులవాళ్ళు లాభపడ్డారా, నష్టపోయారా? ఒక్క ముక్కలో చెప్పండి, నాకు బస్సుంది.

తక్కెడ | శనివారం, సాయంత్రం 6:50

నష్టపోయారు.

కాలువగట్టు | శనివారం, రాత్రి 7:35

ఒక్క ముక్కలో చెప్పలేం. తక్కెడ గారు తూకం ఒక పక్కే చూశారు.

డెల్టా 2007 ఏప్రిల్ 30న దివాలా నుంచి బయటికి వచ్చింది. కొత్త షేరు మే నెలలో 20 డాలర్ల దరిదాపుల్లో బజారుకెక్కింది. 2008 జూలైలో ముడి చమురు పీపా 147 డాలర్లు తాకింది, ఆ ఏడాది డెల్టా షేరు 10 డాలర్ల కిందికి దిగింది. అమ్ముకోకుండా పట్టుకు కూర్చున్నవాడికి సగం పైన ఆవిరి. తక్కెడ గారి మాట ఇంతవరకు నిజం.

కానీ పార్కర్ ఇస్తానన్నదంతా నగదు కాదు. 500 కోట్లు నగదు, మిగతా సగం ఆయన కంపెనీ షేర్లు. బేరం నడిచిన రోజుల్లో ఆ షేరు 50 డాలర్లకు పైన ఉంది. 2008 జూలైలో 2 డాలర్ల దాకా పడిపోయింది. 8.95 కోట్ల షేర్లను 2తో గుణించండి: దాదాపు 18 కోట్లు. ఐదు వందల కోట్లకు పైగా పలికిన కాగితం 18 కోట్లు! ఎదుటివాడు వెల కట్టేటప్పుడు తన సొంత కాగితంతో కడుతుంటే, ఆ కాగితం ఎంత గట్టిదో కూడా చూడాలి కదా.

తక్కెడ | శనివారం, రాత్రి 7:52

మాస్టారూ, రెండూ కలిసి ఉంటే సీట్లు తగ్గి, చమురు ధరను తట్టుకుని, షేరు అంతగా పడేది కాదేమో. విడిగా పడ్డ ధరతో కలిసి ఉంటే పడే ధర ఎలా కడతారు? పైగా చేతికొచ్చిన 500 కోట్ల నగదు నగదే. నగదు చమురుతో పాటు పడదు.

కాలువగట్టు | శనివారం, రాత్రి 8:05

మొదటి ఆక్షేపణకు నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి కూడా లేదు. కానీ కలిసిన కంపెనీ ఆ 500 కోట్ల నగదును అప్పు చేసి తెచ్చేది, 2008లో ఆ అప్పు మెడకు చుట్టుకునేది. మళ్ళీ ఐపీకి వెళ్ళి ఉండేదేమో అని నా అనుమానం. యూఎస్ ఎయిర్‌వేస్ అప్పటికే 2002లో ఒకసారి, 2004లో ఒకసారి దివాలా కోర్టు చూసి వచ్చింది మరి.

సుద్దముక్క (అమలాపురం) | శనివారం, రాత్రి 9:14

ఉపాధ్యాయులు ఎవరైనా ఇక్కడ ఉంటే వాళ్ళకు ఇట్టే తెలిసే సంగతి ఒకటి. సీనియారిటీ జాబితా!

2005లో అమెరికా వెస్ట్ అనే చిన్న కంపెనీ దివాలాలో ఉన్న యూఎస్ ఎయిర్‌వేస్‌ను కలుపుకుంది. ఆ చిన్న కంపెనీ అధిపతి ఈ పార్కరే. కొన్నది అమెరికా వెస్ట్, మిగిలింది యూఎస్ ఎయిర్‌వేస్ పేరు. రెండు వైపుల పైలట్లను ఒకే జాబితాలో పెట్టాల్సి వచ్చింది. ఎవరు ముందు, ఎవరు వెనక? పైలట్‌కు జీతం, విమానం, సెలవు, ఇంటికి దగ్గరి ఊరు, అన్నీ ఆ జాబితాలోని అంకెను బట్టే. 2007లో మధ్యవర్తి ఇచ్చిన తీర్పును పాత యూఎస్ ఎయిర్‌వేస్ వైపు పైలట్లు ఒప్పుకోలేదు. పాత సంఘాన్నే ఓడించి వేరే సంఘం పెట్టుకున్నారు, కోర్టులకు వెళ్ళారు, ఏళ్ళ తరబడి ఒకే కంపెనీ విమానాలను రెండు జట్లుగా నడిపారు.

బేరం నడిచిన రోజులకు ఆ తీర్పు ఇంకా రాలేదు గానీ, పక్కింట్లో జాబితా తెగలేదన్నది డెల్టా పైలట్లు కళ్ళారా చూస్తూ ఉన్నారు. "ఈయన మొదటి పెళ్ళిలో గిన్నెలే ఇంకా సర్దుకోలేదు, రెండో సంబంధానికి వచ్చాడు" అనుకోరా? మా పాఠశాలలో రెండు యాజమాన్యాల ఉపాధ్యాయులను ఒక జాబితాలో కలిపినప్పుడు ఇద్దరు మిత్రులు పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు. ఒక్క స్థానం తేడా.

మధురపూడి_కిటికీ | ఆదివారం, ఉదయం 6:48

మన దేశంలో విమాన కంపెనీలు ఇన్ని మూతపడ్డాయి కదా, ఒక్కదానికీ ఇలా పోటీ కంపెనీ ఎగబడిన దాఖలా ఎందుకు లేదు? మా మధురపూడిలో, అంటే రాజమహేంద్రవరం విమానాశ్రయంలో, ఒకప్పుడు జెట్, స్పైస్‌జెట్, ట్రూజెట్ అన్నీ దిగేవి. చాలాకాలం తర్వాత 2024 డిసెంబరులో గానీ దిల్లీకి నేరుగా విమానం రాలేదు. ఒకటే కంపెనీ ఉంటే పండుగకు టికెట్ ధర ఎలా ఉంటుందో సంక్రాంతికి ఇంటికి వచ్చే అల్లుళ్ళను అడగండి.

పూతరేకు | ఆదివారం, ఉదయం 7:20

మా అల్లుడు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనే వస్తాడు. విమానం ధర చూసి కాదు, కోడిపందేలకు మిగుల్చుకోవాలట.

ఎర్ర_బస్సు | ఆదివారం, ఉదయం 7:44

టికెట్ ధరల గురించి అయితే నా దగ్గర నాలుగు పేజీల కోపం ఉంది. పోయిన సంక్రాంతికి...

నిర్వాహకుడు | ఆదివారం, ఉదయం 8:00

సంక్రాంతి టికెట్ల చర్చకు వేరే చోటు ఉంది, ఎర్ర బస్సు గారి నాలుగు పేజీలను అక్కడికి మార్చాను. ఇక్కడ కిటికీ గారి ప్రశ్న మీద కొనసాగించండి.

కాలువగట్టు | ఆదివారం, ఉదయం 9:26

మంచి ప్రశ్న. బాగున్న రోజుల్లో కొనుగోళ్ళు జరిగాయి. 2007లోనే జెట్ 1,450 కోట్ల రూపాయలకు ఎయిర్ సహారాను కొన్నది, కింగ్‌ఫిషర్ ఎయిర్ డెక్కన్‌లో 26 శాతం తీసుకుంది. కానీ అవి రెండు వైపులా ఒప్పుకున్న బేరాలు.

దివాలాలో బలవంతం ఎందుకు లేదంటే, బలవంతం చేయడానికి ఎదుట ఎవరూ మిగలరు. 2016 నాటి మన దివాలా స్మృతిలో కేసు చేరగానే డైరెక్టర్ల బోర్డు పక్కకు తప్పుకుంటుంది, పరిష్కార నిపుణుడు కుర్చీలో కూర్చుంటాడు, అప్పులిచ్చిన బ్యాంకుల కమిటీ 66 శాతం ఓటుతో నిర్ణయిస్తుంది. పాత యజమాని తిరిగి రాకుండా 29ఎ సెక్షన్ అడ్డం. గ్రిన్‌స్టీన్‌లా "మేము ఒంటరిగా బతుకుతాం" అని నిలబడే మనిషే ఉండడు.

నరసాపురం_లేసు | ఆదివారం, ఉదయం 10:03

మాస్టారు చట్టం చెప్పారు. నేను సొమ్ము సంగతి చెబుతాను. ఎగరడం ఆగిన విమాన కంపెనీలో కొనడానికి ఏముంది? విమానాలు అద్దెవి. విమానాశ్రయంలో దిగే వేళలు ఇతరులకు పంచేస్తారు. పైలట్లు వేరే చోట చేరిపోతారు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఆగిపోయాక దాని వేళలు పోటీ కంపెనీలకు వెళ్ళాయి, అది నడిపిన బోయింగ్ 737లలో కొన్నిటిని స్పైస్‌జెట్ అద్దెకు తీసుకుంది. గోడ కూలితే ఇటుకలు దొరుకుతాయని తెలిసినవాడు ఇల్లు ఎందుకు కొంటాడు?

జెట్‌ను బతికిస్తామని ఒక కూటమి ముందుకొచ్చి, 2021లో ప్రణాళిక ఆమోదం పొందినా, డబ్బు పూర్తిగా రాక, 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మి పంచేయమన్నది. గో ఫస్ట్ 2023 మే నెలలో తనంతట తానే దివాలాకు వెళ్ళింది, అద్దెకిచ్చినవాళ్ళ నుంచి విమానాలను కాపాడుకోవడానికి. ఏడాది తిరిగేలోపు దిల్లీ హైకోర్టు ఆదేశంతో 54 విమానాలూ రిజిస్టర్‌లోంచి తొలగిపోయాయి. ఈలోగా 2024 ఫిబ్రవరిలో స్పైస్‌జెట్ అధిపతి అజయ్ సింగ్, బిజీ బీ ఎయిర్‌వేస్‌తో కలిసి బేరం వేశారు. విమానాలు లేని విమాన కంపెనీ ఎంతకు పోతుంది? 2025 జనవరిలో అదీ మూతే.

అక్కడ చాప్టర్ 11లో డెల్టా ఎగురుతూ ఉంది కనుకే దానికి 1,020 కోట్ల డాలర్ల బేరం వచ్చింది. పాడి ఉన్న గేదె చుట్టూ బేరగాళ్ళు ఉంటారు.

రెక్కల_మనిషి | ఆదివారం, ఉదయం 10:40

జెట్ ఉద్యోగులకు భవిష్యనిధి, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలన్న అప్పీలు ట్రిబ్యునల్ తీర్పును 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మూతపడిన ఏ సంస్థ ఉద్యోగి అయినా తన బాకీ దరఖాస్తును గడువులోపల పరిష్కార నిపుణుడికి ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

సుద్దముక్క | ఆదివారం, మధ్యాహ్నం 12:30

పార్కర్ కథ అక్కడితో ఆగలేదు. 2011 నవంబరు 29న అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలాకు వెళ్ళింది. మళ్ళీ ఈయనే వచ్చారు. ఈసారి బోర్డు తలుపు తట్టలేదు, అప్పులవాళ్ళ తలుపూ కాదు. ముందు ఉద్యోగ సంఘాల దగ్గరికి వెళ్ళారు. 2012 ఏప్రిల్‌లో అమెరికన్‌కు చెందిన మూడు ప్రధాన సంఘాలు, కంపెనీ ఇంకా దివాలాలో ఉండగానే, పోటీ కంపెనీతో ఒప్పందానికి వచ్చాయి. నరసాపురం అమ్మగారు చెప్పిన 210 కోట్ల పాఠం ఆయన మరిచిపోలేదన్నమాట. 2013 ఫిబ్రవరిలో విలీనం ప్రకటించారు, ఆగస్టులో ప్రభుత్వ న్యాయశాఖ కోర్టుకెక్కింది, రాజీ కుదిరి డిసెంబరు 9న పూర్తయింది. పార్కర్ అమెరికన్‌కు అధిపతి అయ్యారు. 2015లో యూఎస్ ఎయిర్‌వేస్ పేరు ఆకాశం నుంచి తప్పుకుంది. కొన్నవాడి పేరు పోవడం ఆయనకు ఇది రెండోసారి.

డెల్టా కూడా ఒంటరిగా ఎంతోకాలం ఉండలేదు. 2008లో తన పేరు, అట్లాంటా కార్యాలయం ఉంచుకుని, తనతోపాటు ఒకే రోజు దివాలాకు వెళ్ళిన నార్త్‌వెస్ట్‌ను కలుపుకుంది.

ఎర్ర_బస్సు | ఆదివారం, మధ్యాహ్నం 1:55

గుమాస్తా బాబాయి గారూ, తర్వాత చెబుతానన్న మిల్లు సంగతి ఏమైంది? నాకు ఇంకో సందేహం కూడా. యజమాని వద్దంటుంటే పోటీవాడికి అప్పులవాళ్ళు ఎవరెవరో ఎలా తెలుస్తుంది?

లంక_గుమాస్తా | ఆదివారం, సాయంత్రం 5:30

అక్కడ కోర్టు కాగితాల్లో ఉంటుందట, మేనల్లుడు చెప్పాడు. ఇక్కడ గుమాస్తా దగ్గర ఉంటుంది.

మా ఊరికి రెండు మైళ్ళలో రెండు మిల్లులు ఉండేవి. మా ఆసామికి బ్యాంకు అప్పు కాక, రైతులకు ధాన్యం బాకీలు, చేబదుళ్ళు, ప్రామిసరీ నోట్లు కలిపి నూట పద్నాలుగు మంది ఉన్నారు. ఒక ఏడాది తుపాను కళ్ళాల మీద ధాన్యం తడిపేసింది, మొలకెత్తిన ధాన్యం కొని మునిగిపోయాం. ఆయన ఐపీకి వకీలుతో మాట్లాడుకుంటున్నారని ఊరంతా తెలుసు. అయినా మర ఆగలేదు, రోజూ ఆడుతూనే ఉంది. ఎదుటి మిల్లాయన మా ఆసామిని కొంటానని అడిగితే చెప్పు తీయబోయారు. అప్పుడు ఆయన మనిషి నా దగ్గరికి వచ్చాడు. ఎవరికెంతో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. నా జీతం బాకీ అందులో మొదటి వరసలో రాసుకున్నాను.

ఆ కాగితం పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగాడు. రూపాయికి ఎనిమిదణాల చొప్పున నోట్లు కొన్నాడు. ఆడపిల్ల పెళ్ళి దగ్గర పడ్డవాళ్ళు ముందే ఇచ్చేశారు. మూడు వారాల్లో అప్పులవాళ్ళలో పెద్దవాడు ఆయనే అయ్యాడు. మా ఆసామి సంతకం పెట్టక తప్పలేదు. నాకు పూర్తి జీతం ఇచ్చారు, రూపాయికి రూపాయి.

మిల్లు కొన్న ఆర్నెల్లకు మర విప్పి బాయిలరు తుక్కు కింద అమ్మేశాడు. ఇప్పుడు అక్కడ కల్యాణమండపం ఉంది. తక్కెడ గారు పది శాతం సీట్లు అన్నప్పుడు నాకు ఆ బాయిలరు గుర్తొచ్చింది. మేనల్లుడికి ఇది చెప్పలేదు. డెల్టా సంగతి మాత్రం రాసి పంపాను.

నరసాపురం_లేసు | ఆదివారం, సాయంత్రం 5:52

గుమాస్తా గారూ, ఒక్కటి అడుగుతాను, చెప్పాలనిపిస్తేనే చెప్పండి. ఎదుటి మిల్లు ఒక్కటే మిగిలాక రైతుకిచ్చే ధర ఏమైంది?

లంక_గుమాస్తా | ఆదివారం, సాయంత్రం 6:15

సార్వాకు పాత ధరే ఇచ్చాడమ్మా. దాళ్వాకు బస్తా మీద పది రూపాయలు తగ్గించాడు. ఆ లెక్క రాసింది కూడా నేనే, అప్పటికి ఆయన దగ్గర చేరాను.